చిన్న స్పెషల్ స్కూలుకు తలకిందుల సలహాలు

ఆరు నుంచి ఎనిమిదో తరగతి వయసు పిల్లలకు, అంటే 11–14 ఏళ్లవాళ్లకు, స్పెషల్ స్కూలు నడుపుతున్నారా? ఈ ఐదు మాటలు మీ కమిటీకి నచ్చవు. మా కమిటీకీ మొదట నచ్చలేదు.

1. పిల్లల కోసం తిరగకండి, టీచరు కోసం తిరగండి. అడ్మిషన్లయ్యాక టీచర్ని చూసుకుందాం అనుకుంటే కుదరదు. స్పెషల్ స్కూళ్లకు 2021లో సుప్రీంకోర్టు ప్రస్తావించిన లెక్క ఇది: మేధో వైకల్యం, ఆటిజం ఉన్న ఐదుగురికి ఒక టీచరు, సెరిబ్రల్ పాల్సీ అయితే ఎనిమిదిమందికి ఒకరు, చూపూ వినికిడీ రెండూ లేకపోతే ఇద్దరికి ఒకరు. భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ ఉన్న టీచరు చేరాకే అడ్మిషన్ దరఖాస్తులు ఇవ్వండి.

2. లెక్కకు మించి ఒక టీచర్ని పెట్టుకోండి. ఇరవైమందికి నలుగురు చాలని కాగితం చెబుతుంది. ఒకరోజు మా బడిలో ఇద్దరు సెలవు పెడితే రెండు తరగతులు కలిపేశాం. మధ్యాహ్నం భోజనాల దగ్గర చూస్తే ఒక పిల్లాడు లేడు. మాటలు రాని పిల్లాడు. సాయంత్రానికి బస్టాండులో దొరికాడు. ఐదో జీతం దండగని ఆ తర్వాత మా దగ్గర ఎవరూ అనలేదు.

3. గోడలకు రంగులు ఆపి ఆయాను పెట్టండి. ఈ వయసులోనే ఆడపిల్లలు పెద్దమనుషులవుతారు. ప్యాడ్ మార్చుకోవడం నేర్పాలంటే ఒక్కో పిల్ల పక్కన ఒక ఆడమనిషి నెలల తరబడి ఓపిగ్గా ఉండాలి. ఆ మనిషి లేకపోతే తల్లి పిల్లను బడి మాన్పిస్తుంది. దాతలను గది కట్టించమని కాదు, ఆయాకు ఏడాది జీతం ఇవ్వమని అడగండి.

4. వచ్చినవాళ్లందరినీ చేర్చుకోకండి. నిర్ణీత స్థాయి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గరి బడిలోగానీ, కోరుకున్న స్పెషల్ స్కూల్లోగానీ ఉచితంగా చదివే హక్కును 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఇచ్చింది. దగ్గరి బడి కూడా వాళ్ల హక్కే కాబట్టి, కాస్త సాయముంటే మామూలు బడిలో నెగ్గుకురాగల పిల్లాణ్ని మీరే వెంటబెట్టుకుని హైస్కూలు హెడ్‌మాస్టారి దగ్గరికి తీసుకెళ్లండి. మీ రిజిస్టరులో ఒక పేరు తగ్గితే తగ్గనివ్వండి.

5. జూన్‌లో ఒక కుర్చీ ఖాళీగా ఉంచండి. అయిదో తరగతి దాకా ఒకే టీచరమ్మ కొంగు పట్టుకుని నెట్టుకొచ్చిన పిల్లాడు, ఆరులో గంటకో మాస్టారు మారేసరికి బెంబేలెత్తిపోతాడు. ఆ సంగతి ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేసరికి ఆగస్టు వస్తుంది. అప్పుడు వాళ్లమ్మ వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ పట్టుకుని మీ గుమ్మంలో నిలబడుతుంది. "వచ్చే ఏడాది రామ్మా" అని ఆమెను తిప్పి పంపకుండా ఉండడానికే ఆ కుర్చీ.