అంగడినిండ అపురూపములే

లోకమునకు రైలుబండి నొసగిన బ్రిటిషుజాతి, 1825లో స్టాక్‌టన్–డార్లింగ్టన్ దారిమీదను, 1830లో లివర్‌పూల్–మాంచెస్టరు దారిమీదను ఆవిరియంత్రములను పరుగెత్తించి, ఆ సంబరము నంతటితో చాలించక, తరువాతి శతాబ్దమున అదే రైలును అరచేతిలో ఇముడునంత చిన్నదిగా చేసి పిల్లల కిచ్చినది. ఆ పిల్లలు పెద్దవారై, పింఛను పుచ్చుకొను వయస్సు వచ్చినను ఆ బొమ్మరైలును విడువకపోవుటచేత దానికొక విపణి యేర్పడినది. ఆ విపణి యిప్పుడు అంతర్జాలమున వేలంపాటగా మారుటచేత, ఇంతవరకు ఏ ఆలంకారికుడును లక్షణము చెప్పని యొక నూతన వాఙ్మయశాఖ అవతరించినది. దీనికి విక్రయకావ్యమని పేరు పెట్టుచున్నాను. ఇందు నాయకుడు పాత ఇంజను, అంగిరసము అద్భుతము, ఫలశ్రుతి, అమ్మినవానికి ధనలాభము, కొన్నవానికి తత్త్వజ్ఞానము.

ఈ కావ్యమును ఆస్వాదింపవలెనన్న నాయకుని వంశచరిత్ర కొంత తెలిసి యుండవలెను. లివర్‌పూల్ నివాసి ఫ్రాంక్ హార్న్‌బీ 1901లో, చిల్లులుగల లోహపుబద్దలను మరలతో బిగించి యంత్రములు కట్టుకొను ఆటవస్తువునకు పేటెంటు సంపాదించెను, అదే మెకానో. ఆయన కంపెనీ 1920లో కీ యిచ్చిన నడచు రైళ్లను, ఆయన గతించిన రెండేండ్లకు 1938లో డబ్లో అను పేర చిన్న రైళ్లను వెలువరించెను. 1950 క్రిస్మసునాటికి రోవెక్స్ అను మరియొక సంస్థ, మార్క్స్ అండ్ స్పెన్సర్ దుకాణములకై ప్రిన్సెస్ అను ప్లాస్టిక్ ఇంజనును చేసి యిచ్చెను. ఆ సంస్థను లైన్స్ సోదరులు కొని, ట్రయాంగ్ అను పేర బండ్లు నడపి, 1964లో మెకానోను సైతము మ్రింగిరి. 1971లో వారును కూలిరి, హార్న్‌బీ పేరు మాత్రము నిలిచినది. ఇన్ని పేరులు, ఇన్ని అచ్చులు, ఇన్ని చేతులు మారిన వంశవృక్షమును కంఠస్థము చేయుట ప్రయాసము గావున, మన విక్రయకవి యొక సులభోపాయము కనిపెట్టినాడు: చిన్నరైలు ఏదైనను హార్న్‌బీయే. ఇటలీలో పుట్టిన లీమా పెట్టె హార్న్‌బీ, ఎయిర్‌ఫిక్స్ వారి వాగను హార్న్‌బీ, చక్రములున్న హార్న్‌బీ, చక్రములు లేవా, అరుదైన హార్న్‌బీ.

ఈ వ్యాసంగమున అసత్యము నిన్న మొన్న ప్రవేశించినది కాదని యొప్పుకొనవలసినదే. అసలు రైలుదారికి పట్టాల నడుమ వెడల్పు 4 అడుగుల 8½ అంగుళములు. బ్రిటనులో సర్వజనాదృతమైన డబుల్ ఓ కొలతలో ఇంజనును అడుగునకు 4 మిల్లీమీటర్ల చొప్పున చేయుదురు. ఆ లెక్కకు పట్టాల యెడము 18.83 మిల్లీమీటర్లు ఉండవలసియుండగా, ఉన్నది 16.5 మాత్రమే. బ్రిటిషు ఇంజనులు ఐరోపా ఖండపు ఇంజనులకంటె సన్ననివి, ఆనాటి విద్యుత్ మోటార్లు లావైనవి, అడుగునకు 3.5 మిల్లీమీటర్ల లెక్కన చేసిన డొక్కలో మోటారు పట్టకపోయినందున, డొక్కను పెంచి పట్టాలను ఉన్నవున్నట్లే యుంచిరి. దానిచేత లెక్కప్రకారము అసలు దారికి ఏడంగుళములు కొఱత పడినది. కాని యిది చెప్పి చేసిన తప్పు; పుస్తకములలో అచ్చయిన తప్పు; దీనిచేత మోసపోయినవాడు లేడు. మన విక్రయకవుల ప్రతిభ యంతయు చెప్పక చేయుటయందే కలదు.

ఈ వేలముల ఆదిమచరిత్రయు ధర్మబద్ధమైనదే. 1995లో ఈబే వేదిక పుట్టినప్పుడు అందు తొట్టతొలుత అమ్ముడుపోయిన వస్తువు చెడిపోయిన లేజరు పాయింటరనియు, దానికి 14.83 డాలర్లు వచ్చినవనియు, అది చెడిపోయినదని మీకు తెలియునా యని స్థాపకుడు కొన్నవానిని అడుగగా, తాను చెడిపోయిన లేజరు పాయింటర్లనే ప్రోగుచేయువాడనని అతడు బదులిచ్చెననియు ప్రసిద్ధకథ. చెడిపోయినదానిని చెడిపోయినదని చెప్పి అమ్మిన ఆ సత్యయుగము ఎంతకాలము నిలిచినదో గాని, నేటి బొమ్మరైళ్ల అంగడిలో చెడిపోయిన వస్తువు ఒక్కటియు కానరాదు. నడవని ఇంజను లుండవు. కొంచెము నూనె కోరు ఇంజనులు మాత్రమే యుండును. విరిగిన మెట్లుండవు, ప్రదర్శనమునకు మిక్కిలి యనువైన స్థితి యుండును. మసి, దుమ్ము, తుప్పు అను ప్రాకృతపదములు ఈ కావ్యమున నిషిద్ధములు; వానికి బదులు, వాస్తవిక వాతావరణప్రభావము చిత్రింపబడినదని వ్రాయవలెను.

ఒక ప్రకటనమును దగ్గరగా చూతము. వస్తువు నాలుగే చక్రములుగల చిన్న ట్యాంకు ఇంజను. ప్రక్కన స్మోకీ జో అను పేరును, 56025 అను అంకెయు గలది. స్కాట్లండునందలి కాలిడోనియన్ రైల్వేవారి పొట్టి ఇంజనునకు నమూనా. హార్న్‌బీవారు దీనిని ఏండ్లతరబడి విడిగాను, తొలిసారి రైలు కొను పిల్లల పెట్టెలలోను అమ్ముచు వచ్చినందున, బ్రిటనులో నల్లపూస యనదగని ఇంజను ఏదైన నున్నచో అది యిదియే. దీని శీర్షిక: అత్యంతారుదు, ప్రాచీనము, సేకరణయోగ్యము, ఇట్టిది మరల దొరకదు. ఛాయాచిత్రమున అది పూలకిటికీతెర ముందు, పొగగొట్టపు వైపు మాత్రమే కనబడునట్లు నిలిచియున్నది. వెనుక కొక్కెము ఉన్నదో ఊడినదో ఊహాగోచరము. వెల చూచిన కన్నులు తిరుగును. ఈ యద్వితీయవస్తువునకు సరిగా క్రిందనే, అదే రంగు, అదే అంకె, అదే పేరు గల దాని తోబుట్టువులు బారులు తీరి నిలిచియున్నవి, ప్రతిదియు అత్యంతారుదే, ప్రతిదియు మరల దొరకనిదే. ఇన్ని యరుదైనవి ఒక్కచోట దొరకుట మాత్రము నిజముగా అరుదు.

ఇక పరీక్షింపబడలేదు అను మహావాక్యము. తనకడ పట్టాలు లేవనియు, విద్యుత్ నియంత్రకము లేదనియు, అందుచే ఇంజను నడచునో నడవదో తా నెరుగననియు విక్రేత శపథము చేయును. ఈ ఇంజనులు 12 వోల్టుల నేకదిశావిద్యుత్తుతో నడచునవి. రెండుపట్టాల ఇంజనునకు 9 వోల్టుల చిన్న బ్యాటరీనుండి రెండు తీగలు లాగి ఇరువైపుల చక్రములకు తాకించినచో ప్రాణమున్నదా లేదా తేలిపోవును. ఆ బ్యాటరీ సాధారణముగా ఆయన పడకగది పైకప్పున, పొగ వచ్చిన కూయు యంత్రములో కాపురమున్నది. పండ్రెండు కోణములనుండి ఛాయాచిత్రములు తీయుటకు తీరికగలవానికి, కుర్చీ యెక్కి ఆ బ్యాటరీ తీయుటకు తీరిక లేకపోయెనని మనము నమ్మవలెను. లోకానుభవము గలవారు చెప్పు భాష్యము వేరు: పరీక్షింపబడలేదనగా పరీక్షింపబడినది, చలింపలేదు, పరీక్షించినవాడు బ్యాటరీని యథాస్థానమున పెట్టివచ్చి ఈ వాక్యము వ్రాసినాడు.

వయస్సుకు తగిన స్థితి యనునది మరియొకటి. రోవెక్స్‌వారి తొలినాటి బండ్లను సెల్యులోజ్ అసిటేట్ అను ప్లాస్టిక్‌తో పోసిరి. అది కాలక్రమమున వంకరలు తిరుగును. ఆనాటి ప్రయాణికుల పెట్టెలు కొన్ని నేడు అరటిపండువలె వంగి నిలుచును. పూర్వకాలపు పోతలోహపు ఇంజనులలో కొన్నింటికి మరియొక వ్యాధి కలదు: జింకు మిశ్రలోహమున సీసము పాలు కలిసినచో, ఏండ్లు గడచినకొలది అది ఉబ్బి, నెఱ్ఱెలు వాసి, తుదకు చేతిలో పొడియగును. తయారీదోషము తెలిసిన పెద్దమనిషి దీనిని రెండు మాటలలో చెప్పి వెల తగ్గించును. విక్రయకవి యట్లుగాక, సూక్ష్మమైన కేశప్రమాణపు రేఖలు కలవు, ఇవి దాని ప్రాచీనతను చాటును అని వ్రాసి వెల పెంచును.

వస్తువునకంటె పెట్టెకు గౌరవ మెక్కువగుట ఈ యంగడి ధర్మము. అసలు అట్టపెట్టెతో కూడిన ఇంజనునకు వెల మిక్కుటము. గావున ఖాళీపెట్టెలే విడిగా అమ్ముడుపోవుచుండును. అవియు చాలనప్పుడు పాతవానిని పోలిన క్రొత్తపెట్టెలు అచ్చువేయుదురు. వానిని చేసినవాడు నకలని చెప్పియే అమ్మును. కొన్నవాడు నకలను మాట మరచి అమ్మును. వానివద్ద కొన్నవాడు అసలని ప్రమాణము చేసి అమ్మును. డబ్లో అచ్చులు తరువాతికాలమున రెన్ కంపెనీ చేతికి పోయినందున, ఒకే పోతలోహపు శరీరము ఇరుపేరులతో సంచరించుచున్నది. రెన్‌వారు కొద్దిగా చేసిన రంగుల ఇంజనులకు సేకరణకర్తలు పెద్దమొత్తము లిత్తురు గనుక, సామాన్యమైన ఇంజనునకు క్రొత్తరంగు పూసి, క్రొత్తపేరు అతికించి, క్రొత్తపెట్టెలో పాత వాసన పట్టించి అపురూపము చేయుట కష్టమైన శిల్పము గాదు. పైన పటారం, లోన లొటారం అని మనవారు అన్నది ఇట్టివానిని చూచియే కాబోలు.

ఈ వెలలు ఎట్లు పుట్టుచున్నవని అడుగుదురేమో. ఒకడు అటకమీది పెట్టెను దించి, దుమ్ము దులిపి, అట్టిదానికి మరియొకడు 200 పౌండ్లు అడుగుచున్నట్లు చూచి తానును 200 అడుగును. మూడవవాడు వీరిద్దరిని ప్రమాణముగా గొని, తనది మరింత మెరయుచున్నది గనుక 250 అనును. ముగ్గురిలో ఏ యొక్కనిదియు అమ్ముడుపోలేదు. ఐనను మార్కెట్టు ధర స్థిరపడినది. అదే ఇంజనును ఆ ముగ్గురిలో నొకడు పాతబొమ్మల దుకాణమునకు తీసికొనిపోయినచో, దుకాణదారు చెప్పు ధర విని నిట్టూర్చును. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. ఇంకొందరు వెల తగ్గించి, పంపించు ఖర్చును పెంచుదురు. పావుకిలో తూగని ఇంజను, వారి లెక్కకు, ఓడనెక్కి భూప్రదక్షిణము చేసి రావలసి యుండును. మరికొందరు పాట మందగించినప్పుడు తమ మనిషిచేతనే పై పాట పాడించుదురు.

ఐనను ఈ దోషమంతయు విక్రేతపై మోపి చేతులు దులుపుకొనుట న్యాయము గాదు. ఈ యంగడిలో అన్ని విశేషణములకంటె ఎక్కువ వెల పలుకునది విక్రేత అజ్ఞానము. నాకు రైళ్ల సంగతి ఏమియు తెలియదు, ఇవి మా తాతగారివి, మిత్రుని పక్షమున అమ్ముచున్నాను, చిత్రములను చూచి మీరే నిర్ణయించుకొనుడు, అను నాలుగు వాక్యములు చదివినంతనే, ముప్పదియేండ్లు ఈ బొమ్మలతో గడపిన ప్రాజ్ఞుని హృదయము గంతులువేయును. ఈ అమాయకుడు రత్నమును రాయి యనుకొనుచున్నాడు, వీనికి తెలియకముందే కొనివేయవలెను అని అతడు తలంచును. అర్ధరాత్రి మేల్కొని, గడువు ముగియుటకు క్షణములు మిగిలియుండగా, తనవంటి మరియొక ప్రాజ్ఞునితో పోటీపడి, దుకాణమున క్రొత్త ఇంజనునకు ఈయని సొమ్మును ఇందు కుమ్మరించును. ఏమియు తెలియని ఆ తాతగారి మనుమడు వచ్చేవారమున మరియొక తాతగారి సొత్తును అమ్మకమునకు పెట్టును. ఆయన తాతల సంఖ్య సృష్టినియమములకు లోబడినది కాదు. తాడిని తన్నువానికి తల దన్నువాడు దొరకుట యిదియే. అజ్ఞానము నటించువాడొకడు, ఆ అజ్ఞానమును దోచుకొనజూచువాడొకడు. ఇరువురిలో మోసపోయినవా డెవ్వడనగా ముందుగా డబ్బు చెల్లించినవాడు. కొన్నవాడు వస్తువును చేతబట్టి చూచిన పిదప చేయు ఆక్రోశములో సగము, మోసపోయినందులకు గాదు, మోసగింపలేకపోయినందులకు.

చట్టము లేదా యనిన, ఉన్నది. వర్ణనమునుబట్టి అమ్మిన సరుకు ఆ వర్ణనమునకు సరిపోవలెనని బ్రిటనులో 1979 నాటి సరుకుల విక్రయచట్టము 13వ సెక్షను చెప్పుచున్నది. ఈ నియమము అటక దులుపుకొను గృహస్థునకును వర్తించును. తిరిగి తీసికొనబడదు అని పెద్దయక్షరములతో వ్రాసినంతమాత్రమున ఆ బాధ్యత తనంత తాను మాసిపోదు. కాని అరుదు, అందము, సేకరణయోగ్యము అనువానిని వర్ణన మనవలెనా, స్తోత్రపాఠ మనవలెనా తేల్చుటకు న్యాయస్థానమునకు పోయినచో, ఇంజను వెలకంటె వకీలు ఫీజు ఎక్కువగును. ఈ సంగతి మనకంటె విక్రయకవులకు బాగుగ తెలియును.

కావున ఈ వ్యసనము గలవారికి నా విన్నపము స్వల్పము. అడిగిన వెలను చూడకుడు. అటువంటివి ఇటీవల ఎంతకు అమ్ముడుపోయినవో ఆ పట్టికను చూడుడు. అది పలు వేలపుటంగళ్లలో దొరకును. ఇంజను అడుగుభాగపు చిత్రమును, రెండవప్రక్క చిత్రమును, అది నడచుచున్న చలనచిత్రమును అడుగుడు, ఈయనివానివద్ద కొనకుడు. పంపించు ఖర్చును వెలలో కలిపి లెక్కించుడు. ఏమియు తెలియదన్నవానికి మీకంటె ఎక్కువ తెలియునని యెంచుడు. చక్రములకును, మోటారునకును, పోతకును తగిన వెల నిశ్చింతగా చెల్లింపుడు. విశేషణములకు మాత్రము చిల్లిగవ్వయైన ఈయకుడు.