టవరు సూత్రమునకు టీకాతాత్పర్యములు

మూలము: “గ్రౌండు చేసిన టవరును తీగతో ఫీడుచేయవలెను. పిమ్మట కండెన్సరు త్రిప్పవలెను. ఎస్.డబ్ల్యు.ఆర్. ఒకటికొకటి రాగానే సర్వము సిద్ధించును.”

అవతారిక: హామ్ రేడియో సంప్రదాయమున పెద్దలు సూత్రకారులు, పిన్నలు శ్రోతలు. పెరటిలో 20 మీటర్ల ఇనుప టవరును, దాని నెత్తిన నొక యాగీ యాంటెన్నాను నిలుపుకొని, ఇక 160 మీటర్ల బ్యాండుపై కూడ గొంతు విప్పవలెనని ఉబలాటపడు ప్రతి శిష్యునికిని ఏదో యొక సాయంకాలమున ఈ సూత్రము ఉపదేశింపబడును. ఉపదేశించిన పెద్దలు శిష్యుడు నోరు తెరచులోగా వీడ్కోలుగ “73” పలికి అంతర్ధానమగుదురు. సూత్రము సంక్షిప్తముగ నుండుట దోషము గాదు. పాణిని సంక్షేపమునకు పతంజలి దొరకెను. ఈ సూత్రమునకు ఎవ్వడును దొరకనందున నేను పూనుకొనవలసి వచ్చినది. మెదకుసీమలోని కొల్చారము వాడని చెప్పబడు కోలాచల మల్లినాథసూరి, ఆధారము లేనిది వ్రాయననియు, అనవసరమైనది పలుకననియు ప్రతిజ్ఞచేసి కాళిదాసునకు వ్యాఖ్య రచించెను. అందు మొదటి సగము నాకును సమ్మతమే.

టీక: గ్రౌండు, టవరు, తీగ – ఇవి స్పష్టములు.

ఫీడుచేయవలెను – ఇచ్చట నొక అధికరణము కలదు. నేలనంటిన టవరు విషయము. దానికి విద్యుత్తు నందించుట పొసగునా పొసగదా యనుట సంశయము. పూర్వపక్షి యిట్లనును: ప్రసారకేంద్రములలో స్తంభమును పింగాణి దిమ్మెపై నిలిపి, నేలతో పొత్తు తెగగొట్టి, ఆ అడుగుననే ఫీడుచేయుట పెక్కుచోట్ల వాడుక, మన టవరు కాళ్లో కాంక్రీటులో దిగబడి, పిడుగు భయమున ఎర్తునకు కట్టుబడి యున్నవి, అడుగున వోల్టేజి సున్న, అట్టిచోట ఫీడుచేయుట ఎండిన బావిలో చేద వేయుటయే. దీనికి సిద్ధాంతి బదులు చెప్పుచున్నాడు: వోల్టేజి లేనిచోటనే కరెంటు మెండు, పైకి పోవుకొలది వోల్టేజి హెచ్చుచు, కరెంటు తగ్గుచుండును గనుక ఇంపెడెన్సు పెరుగుచుండును, కావున టవరునకు ఒక మీటరు లోపు ఎడముగ నొక తీగను నిట్టనిలువుగ లాగి తగిన యెత్తున టవరునకు తగిలించినచో, ఆ తీగయు, టవరు క్రిందిభాగమును, నేలయు గలసి యొక చుట్టుగ నేర్పడి, దాని ప్రేరణచే టవరు ఆపాదమస్తకము పలుకును. 50 ఓములు దొరకు నెత్తున మిగిలిపోవు ఇండక్టివ్ రియాక్టెన్సును, తీగతో వరుసగ చేర్చిన కండెన్సరు రద్దుచేయును. హాములు దీనిని గామా మ్యాచ్ అందురు. ప్రసారస్తంభములకు ఈ విధానమును 1937లో మారిసన్, స్మిత్ అను నిరువురు ఒక పత్రమున సాకల్యముగ వివరించిరి. ఆ స్మిత్తే 1939లో స్మిత్ ఛార్టు అను వలయచిత్రమును లోకమునకిచ్చి నేటివరకు విద్యార్థులచే తిట్టును, ఇంజనీర్లచే దండమును అందుకొనుచున్నాడు.

తగిన యెత్తు – ఈ మాట మూలమున లేదు, నేను చేర్చితిని. ఎన్ని మీటర్లని అడిగిన “చూచుకొనవలెను” అందురు. టవరు పొడవును, నెత్తిన యాగీ వైశాల్యమును, తీగ ఎడమును మారినచో ఎత్తు మారును గనుక ఆ జవాబు అబద్ధము గాదు. కాని నడుమునకు బెల్టు బిగించి, పానాతో మాటిమాటికి టవరెక్కి దిగి చూచుకొనువాడు పెద్దలు గారు, శిష్యుడు.

కండెన్సరు – పాత వాల్వు రేడియోనుండి ఊడదీసిన గాంగ్ కండెన్సరు అని శిష్యుడు గ్రహించును; ఇంట నున్నది అదియే గదా. 300 ఓముల రియాక్టెన్సున్నచోట 100 వాట్లకే దానిమీద 420 వోల్టులకు పైబడును, 400 వాట్లైనచో 850, శిఖరమున 1200. కాగితమంత సందున ఒకదానిలో నొకటి దూరు ఆ రేకుల నడుమ, వానకు డబ్బాలోనికి చెమ్మ దిగిన రాత్రి, ఊదారంగు నిప్పురవ్వ చిటచిటలాడుచు ప్రాకును. మీటరు ముల్లు ఎగిరిపడును. తెల్లవారి మూత తీసిచూడగా రేకుల అంచులు నల్లబడి, వెచ్చదనమునకు చేరిన బల్లి యొకటి బిగుసుకొని కనబడును. మూలమున “రేకుల నడుమ ఎడము గల” అను విశేషణ మొక్కటి చేర్చిన నోరు నొచ్చెడిదా?

ఎస్.డబ్ల్యు.ఆర్. ఒకటికొకటి – పంపిన శక్తి వెనుకకు తిరిగిరాలేదని మీటరు పలుకు మాట. ఇది అర్థవాదము. స్తుతిమాత్రమేగాని విధి గాదు. డబ్బాలో నూనెలో మునిగియుండు డమ్మీలోడు ఏ బ్యాండున జూచినను ఒకటికొకటి చూపును. దానితో వీధి చివరి వానితోనైన మాటాడిన వాడెవ్వడు? 20 మీటర్ల బోసి టవరు రేడియేషన్ రెసిస్టెన్సు 6, 7 ఓములు. యాగీ టోపీచే అది 12 అయ్యెననుకొందము. నేలలోని నష్టము 24 ఓములనుకొందము. అప్పుడు 100 వాట్లలో ఆకాశమునకు పోవునవి 33, మిగిలిన 67 వానపాములకు చలికాచుకొనుటకు. మీటరు మాత్రము ఒకటికొకటి చూపుచునే యుండును. నేల చెడినకొలది బ్యాండు ఈ చివరినుండి ఆ చివరివరకు కదలక మెదలక మరింత ప్రశాంతముగ నుండును. ఆ ప్రశాంతిని జూచియే పెద్దలు సర్వము సిద్ధించెనందురు.

నేల ప్రస్తావన వచ్చినది గనుక చెప్పుచున్నాను. 1937లోనే ఆర్.సి.ఏ. ఇంజనీర్లు బ్రౌన్, లూయిస్, ఎప్‌స్టైన్ అనువారు నిలువుస్తంభము చుట్టు రాగితీగలను కిరణములవలె నేలలో పూడ్చి, 2, 15, 30, 60, 113 లెక్కన మార్చుచు, 3 మెగాహెర్ట్జ్‌లో క్షేత్రబలమును కొలిచిరి. తీగలు చాలినన్ని యున్నచో పొట్టి స్తంభమును పొడుగుదానికి ఇంచుమించు సాటియగునని తేలెను. వారు పండితులయ్యు మడికట్టుకొని కూర్చుండక మట్టి త్రవ్విరి. సిద్ధాంతమును చేనిలో పరీక్షించిన అట్టి వ్యాఖ్యాతలు మన దర్శనములకు దొరకి యుండిన ఎన్ని వాదగ్రంథములు తప్పిపోయి యుండెడివో! అమెరికాలో మీడియంవేవ్ కేంద్రములకు 120 తీగలు పరిపాటియైనది ఆ పరిశోధన ఫలముగనే. 160 మీటర్లలో కాలువంతు అలయనగా తీగకు 40 మీటర్లు. 120 తీగలకు 4,800 మీటర్లు. 200 గజముల స్థలమున తులసికోటను, మోటారును, కొబ్బరిచెట్టును తప్పించి ఆరవ తీగ లాగునప్పటికే గోడ అడ్డువచ్చును. గోడక్రింద చిల్లి పొడిచి అవతలికి త్రోసితిమా, “ఏమండీ మాస్టారూ, మా బీరపాదులో ఈ రాగితీగేమిటి? పిల్లలు తిరిగేచోటు కదండీ” అని ప్రక్కయింటి పిన్నిగారు. ఆమెకు రేడియేషన్ రెసిస్టెన్సు బోధించుటకు నాకు శక్తి చాలదు. పొట్టితీగలైనను, వంకర తిప్పినవైనను, ముప్పదియో నలువదియో పరచినచో మేలేయని శిష్యునితో చెప్పుటకు మాత్రము ఏ పిన్నిగారు అడ్డువచ్చిరి?

తాత్పర్యము: పెద్దలు తమ టవరు క్రింద ఎన్ని తీగలు పాతిరో మొదట చెప్పి, సూత్రము పిమ్మట చెప్పవలెను.

పాఠాంతరము: “ఎర్తుపిట్టు ఒకటి చాలును” అని కొన్ని ప్రతులలో కానవచ్చుచున్నది. గోతిలో గొట్టము పాతి, ఉప్పును బొగ్గును కూరి, వేసవిలో బిందెడు నీళ్లు పోయుట షాకునకును పిడుగునకును వలసినదే; దానిని మానరాదు. కాని 1.8 మెగాహెర్ట్జ్ కరెంటు టవరు చుట్టును విశాలముగ పరచుకొన్న నేల పైపొరనుండి తిరిగివచ్చునదే గాని, ఒక్క గొట్టము వెంబడి పాతాళమునకు దిగునది గాదు. కావున నీ పాఠము ఎలక్ట్రీషియను ప్రతిలో సాధువు. హాము ప్రతిలో ప్రక్షిప్తము.