బటన్ నొక్కడానికి చదువెందుకు?

భారతదేశపు మెడికల్ ఇమేజింగ్ రంగంలో, అంటే ఎక్స్‌రే, సీటీ, ఎమ్మారై వంటి యంత్రాలతో దేహం లోపలి భాగాలను బొమ్మకట్టి చూపే వైద్యవిభాగంలో, ఏ పాఠ్యగ్రంథంలోనూ కనిపించకపోయినా ఆచరణలో అన్ని గ్రంథాలకంటే గట్టిగా వేళ్లూనుకున్న సిద్ధాంతం ఒకటుంది. పనంతా చేసేది యంత్రం, మనిషి చేసేది బటన్ నొక్కడం మాత్రమే అన్నదే ఆ సిద్ధాంతం. దీన్ని నమ్మిన యజమాని, యంత్రానికి కోట్లు పోశాక, మనిషికోసం వెతుక్కోవలసిన అవసరం లేదని ఊపిరి పీల్చుకుంటాడు. నిన్నటిదాకా రోగుల పేర్లు రాసుకున్న కుర్రవాడు రెండు వారాలు పక్కన నిలబడి చూస్తే మూడో వారానికి టెక్నీషియన్ అవుతాడు, ఆరు నెలలకు సీనియర్ టెక్నీషియన్ అవుతాడు, ఏడాది తిరిగేసరికి మరో కుర్రవాడికి గురువవుతాడు.

ఈ సిద్ధాంతానికి అడ్డుపడేది ఒక్క భౌతికశాస్త్రమే. ఎక్స్‌రే తీసేటప్పుడు కిరణాలు ఎంత లోతుకు చొచ్చుకుపోవాలో కిలోవోల్టేజీ, ఎన్ని కిరణాలు పడాలో మిల్లీఆంపియర్-సెకన్లు నిర్ణయిస్తాయి. కిరణాలను అవసరమైన భాగానికే కుదించే కాలిమేటర్‌ను సర్దకపోతే, మణికట్టు చూపించుకోవడానికి వచ్చిన పిల్లవాడి ఛాతీకి కూడా ఉచితంగా కిరణస్నానం జరుగుతుంది. ఫిల్ము రోజుల్లో ఈ లెక్క తప్పితే డార్క్‌రూమ్‌లోనే గుట్టు రట్టయ్యేది, ఎందుకంటే మోతాదు మించిన ఫిల్ము నల్లగా మాడిపోయి తీసినవాడి పనితనాన్ని అందరికీ చాటేది. డిజిటల్ యంత్రం మాత్రం మహా మర్యాద తెలిసినది. మోతాదు అవసరానికి రెండింతలు పడినా సాఫ్ట్‌వేర్ సర్దుబాటు చేసి చక్కటి బొమ్మనే చూపిస్తుంది. మోతాదు తగ్గితే మాత్రం బొమ్మ చుక్కలు చుక్కలుగా గరుకుబారి రేడియాలజిస్టు కోప్పడతాడు కనుక, చివాట్లు తప్పించుకోదలచిన చెయ్యి ఎప్పటికప్పుడు మోతాదును కాస్త పెంచుకుంటూ పోతుంది. నిపుణులు డోస్ క్రీప్ అని పిలిచే ఈ జాడ్యంలో తప్పు చేసినవాడికి మెప్పూ, రోగికి అదనపు రేడియేషనూ దక్కుతాయి. సీటీ దగ్గర ఈ అదనం మరీ ఖరీదైనది. ఛాతీ ఎక్స్‌రేలో అందే రేడియేషన్ 0.1 మిల్లీసీవర్ట్ లోపే ఉంటే, కడుపు సీటీలో అది సుమారు 8 నుంచి 10 దాకా పోతుంది, అంటే ప్రకృతి నుంచి మనిషికి సగటున ఏడాదంతా అందే 2.4 మిల్లీసీవర్ట్‌లకు మూడు నాలుగు రెట్లు.

ఎమ్మారై గదిలో రేడియేషనే ఉండదు కనుక అక్కడ బటన్ సిద్ధాంతం ఇంకా ధీమాగా తిరుగుతుంది. అయితే అక్కడుండే సూపర్‌కండక్టింగ్ అయస్కాంతం, అంటే ద్రవ హీలియం చల్లదనంలో ఏ నిరోధమూ లేకుండా విద్యుత్తు తిరుగుతూనే ఉండే తీగచుట్ట, స్కాన్ జరగనప్పుడూ కరెంటు పోయినప్పుడూ తన పని మానదు. 2018 జనవరిలో ముంబయిలోని ఒక ఆసుపత్రిలో రోగికి తోడుగా వచ్చిన బంధువు ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని ఆ గదిలోకి వెళ్లగా, సిలిండర్‌తో సహా అతడిని అయస్కాంతం లాగేసుకుంది, ప్రాణం పోయింది. యంత్రం ఆపే ఉందని వార్డుబాయ్ చెప్పాడన్నది కుటుంబం చేసిన ఆరోపణ. బటన్ నొక్కనప్పుడు యంత్రం ఆగి ఉన్నట్టే కదా అన్న తర్కం, బటనే సర్వస్వమని నమ్మినవారికి సహజంగానే తోస్తుంది.

ప్రభుత్వం ఏమీ పట్టించుకోలేదనడం న్యాయం కాదు. ఎక్స్‌రే, సీటీ యంత్రాలకు అణుశక్తి నియంత్రణ బోర్డు లైసెన్సు కావాలి. గది గోడల మందమెంతో, తలుపుకు సీసపు రేకు ఉందో లేదో, సిబ్బంది ఒంటిమీద పడే రేడియేషన్‌ను కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీలు ఉన్నాయో లేవో అది చూస్తుంది, నడిపేవారికి ఉండవలసిన అర్హతను కూడా రాసి పెట్టింది. బ్యాడ్జి సొరుగులో భద్రంగా పడుకుంటే మూడు నెలలకోసారి వచ్చే రీడింగు ఎంత ఆరోగ్యంగా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఎమ్మారై, అల్ట్రాసౌండ్ ఆ బోర్డు పరిధిలోకి రావు. 1994 నాటి లింగనిర్ధారణ నిరోధక చట్టం ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రాన్నీ నమోదు చేయిస్తుంది, అయితే దాని బాధ వేరు. మొత్తం మీద దేశం లారీ ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌ను భూతద్దంతో చూసి, డ్రైవరు ముఖం చూసి చిరునవ్వు నవ్వి పంపిస్తుంది.

ఆ చిరునవ్వు మాన్పించడానికి పుట్టిన జాతీయ ప్రమాణాలకు వయసు వచ్చిందే గాని ఎదుగుదల రాలేదు. 2007లో పారామెడికల్ మండళ్ల బిల్లు లోక్‌సభకు వచ్చి చట్టం కాకుండానే మురిగిపోయింది. 2012లో కేంద్ర ఆరోగ్య శాఖ కోసం తయారైన నివేదిక టెక్నీషియన్లు సహా అనుబంధ వైద్య సిబ్బంది కొరత సుమారు 64 లక్షలని తేల్చింది. కొరత ఎంతో తెలిసిపోయింది కనుక ఇక తొందరేముంది? 2018 డిసెంబరు 31న రాజ్యసభలో పెట్టిన బిల్లును వెనక్కి తీసుకుని 2020లో మరొకటి పెట్టగా, అది 2021 మార్చిలో జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టమైంది. అనుబంధ వృత్తికి కనీసం 2,000 గంటలు, ఆరోగ్య సంరక్షణ వృత్తికి కనీసం 3,600 గంటలు చదువుండాలని, రాష్ట్రాలు ఆరు నెలల్లో మండళ్లు పెట్టి అర్హుల పేర్లు నమోదు చేయాలని అది శాసించింది. ఆ ఆరు నెలలు ఏ పంచాంగం ప్రకారమో మాత్రం చెప్పలేదు. అందుకే 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కలగజేసుకుని, అక్టోబరు 12లోగా చట్టాన్ని అమలు చేయాలని కేంద్రానికీ రాష్ట్రాలకూ ఆదేశించవలసి వచ్చింది. 2025లో రేడియాలజీ, ఇమేజింగ్ సహా పలు కోర్సులకు ఉమ్మడి పాఠ్యప్రణాళిక వెలువడింది. రాంట్‌జెన్ ఎక్స్‌కిరణాలను కనుగొన్నది 1895లో, రేడియోగ్రాఫర్ల నమోదుకు బ్రిటన్ చట్టం చేసింది 1960లో కాబట్టి, ఢిల్లీ తొందరపడిందనే నింద ఎవరూ వేయలేరు.

తెలుగు రాష్ట్రాల్లో పారామెడికల్ బోర్డుల రెండేళ్ల మెడికల్ ఇమేజింగ్ టెక్నీషియన్ డిప్లొమా (డీఎంఐటీ) ఉంది, ఆరోగ్య విశ్వవిద్యాలయాల బీఎస్సీ ఉంది, వాటిని శ్రద్ధగా చదివినవారూ ఉన్నారు. జీతాల రిజిస్టరులో మాత్రం వారికీ, చూసి నేర్చుకున్నవారికీ పెద్ద తేడా కనిపించదు. కొన్నిచోట్ల అసలు ఉద్యోగం చేసేది సర్టిఫికెట్టే. అది గోడకు వేలాడుతూ హాజరు వేయించుకుంటే, పని మరొకరు చేస్తారు.

ప్రమాణాలు వస్తే జీతాలు పెరుగుతాయని, జీతాలు పెరిగితే స్కాన్ ధర పెరిగి పేదరోగి నలిగిపోతాడని యాజమాన్యాలు కంటతడి పెడతాయి. పేదరోగి మీద ఈ కరుణ యంత్రం వాయిదాల దగ్గర, చలువరాతి రిసెప్షన్ దగ్గర హాయిగా నిద్రపోయి, టెక్నీషియన్ జీతం దగ్గరికి వచ్చేసరికి దిగ్గున లేచి కూర్చుంటుంది. స్కాన్ రాసిన డాక్టరుకు చేరే రిఫరల్ కమిషన్‌ను 2002 నాటి వైద్యుల వృత్తి నియమావళి నిషేధించినా, అది ఠంచనుగా చేరే చోట్లున్నాయన్నది బహిరంగ రహస్యమే. పేదరోగి బిల్లులో ఆ కమిషన్ వాటా ఎంతో లెక్కగట్టి, దానితోనే చదువుకున్న టెక్నీషియన్‌కు జీతం ఇస్తామని తీర్మానించే యజమానుల సంఘం ఏదైనా ఉంటే, ఆ తీర్మానాన్ని కొత్త పాఠ్యప్రణాళికకు అనుబంధంగా అచ్చువేయించవచ్చు.