వెయ్యినూటపదహార్ల వాంగ్మూలం

అయ్యా, గేటు చప్పుడవగానే టీవీ గొంతు నొక్కి, లైటార్పి, సోఫా వెనక నక్కే అలవాటు మీకూ ఉందా? సిగ్గుపడకండి. సికింద్రాబాదులో మా సందు మొత్తం ఆ ఆసనంలోనే ఉంటుంది.

మాది సర్వభాషా సమ్మేళనం. తమిళులు, మలయాళీలు, మార్వాడీలు, బెంగాలీలు, ఉర్దూలోనే పోట్లాడుకునే తెలుగువాళ్లు. ప్రతి భాషకీ ఒక పండగ, ప్రతి పండగకీ ఒక కమిటీ, ప్రతి కమిటీకీ ఒక రసీదు పుస్తకం ఉంటాయన్న పరమసత్యం ఇల్లు కొనేటప్పుడు ఏ బ్రోకరూ చెప్పడు. ఆషాఢంలో బోనాలు, భాద్రపదంలో వినాయకుడు, ఆశ్వయుజంలో ఇటు బతుకమ్మ, అటు బెంగాలీల దుర్గ, చలికాలం వస్తే అయ్యప్ప పడిపూజ, డిసెంబరు రాత్రుళ్లు గిటారుతో క్యారల్స్. మధ్యలో బోరు మోటారు కాలిపోతుంది. దానికి మతం లేదు, చందా ఉంది.

ఖైరతాబాద్ వినాయకుడు 1954లో ఒక్క అడుగు ఎత్తుతో మొదలయ్యాడు. బాలాపూర్ లడ్డూ 1994 నాటి తొలి వేలంలో 450 రూపాయలకే పోయింది. అదీ స్వర్ణయుగమంటే! మా కుర్రాళ్లు "ఈసారి పన్నెండడుగులు అంకుల్" అంటూనే లోపలికొస్తారు. మా సందు వెడల్పు పది.

ఒకప్పుడు "చిల్లర లేదు, రేపు రండి" అన్న బ్రహ్మాస్త్రం ఉండేది. ఇప్పుడు పిల్లాడి మెడలో క్యూఆర్ కోడ్ బిళ్ల వేలాడుతోంది, తాయెత్తులా. నెట్ లేదంటే హాట్‌స్పాట్ కూడా వాడే ఇస్తాడు.

మొన్న చవితికి నూటపదహార్లతో సరిపెడదామని గుండె రాయి చేసుకున్నాను. నాయకుడు, ఏడో తరగతి, పుస్తకం ఒక పేజీ వెనక్కి తిప్పాడు. "ఎదురింటి సారు ఎంత రాసిండో జర చూడుండ్రి." వాడి గోరు కింద 1,116. వంటింట్లో గరిట చప్పుడు ఆగింది. మా ఆవిడ వింటోంది. వంశప్రతిష్ఠ గుర్తొచ్చేది ఇలాంటప్పుడే. అంతా సమర్పించుకున్నాక చూస్తే, రసీదులో నా ఇంటిపేరు తప్పు.

లేదు పొమ్మనొచ్చుగా అంటారు. ఎలాగండీ? చవితి పులిహోర తిన్నాను, దుర్గపూజ కిచిడీ తిన్నాను, క్రిస్మస్ కేకు తిన్నాను, ఈద్ నాడు షీర్ ఖుర్మా వచ్చిన గిన్నె ఖాళీగా తిరిగివ్వలేక ఇంకా దాచుకున్నాను. పుణ్యం అందరిదీ. షుగరు నా ఒక్కడిది.

చందా రాసిన మర్నాడు పాలప్యాకెట్ల దగ్గర ఎదురింటాయన గుర్రుగా చూశాడు. "ఏం సారూ, పుస్తకంలో మీ పేరు పక్కన 1,116 చూపిస్తే నేనూ అంతే రాయాల్సొచ్చింది!"

ఆయన రాసింది పొద్దున తొమ్మిదింటికి. నేను రాసింది సాయంత్రం ఆరింటికి.