ఎర్తుపట్టీ ఆత్మకథ

హుగ్లీనదీతీరమున ఉత్తరపారాలోని హిందుస్థాన్ మోటార్స్ కర్మాగారమున, ఒక అంబాసిడరు మార్క్ 4 కారునకు ఇంజను నమర్చిన దినమున, ఆ ఇంజనునకును బాడీకిని నడుమ బిగింపబడిన రాగిపట్టీని నేను. సన్నని తీగెలతో జడవలె అల్లబడిన దేహము నాది. ఆంగ్లదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణినుండి పుట్టి, 1950ల చివర మొదలు 2014 వఱకు వెలువడిన అంబాసిడర్ల వంశమున నాకు నెలవు దొరకినది. 1489 ఘన సెంటీమీటర్ల ఆ ఇంజను, తన కుదుపులు బాడీకి సోకకుండుటకై రబ్బరు దిమ్మలపై నిలుపబడియుండును. రబ్బరు విద్యుత్తును పోనీయదు. కావున బ్యాటరీనుండి లావుతీగె వెంట సెల్ఫ్ మోటారునకు పోయిన కరెంటు తిరిగి బ్యాటరీని చేరవలెనన్న నా మీదుగానే రావలెను. పోవు దారిని గూర్చి అందఱును అడుగుదురు. వచ్చు దారిని గూర్చి అడుగువారు అరుదు. నా దుఃఖమంతయు అందుండియే పుట్టినది.

నా కారు మొదట కరీంనగరమున టాక్సీగా తిరిగినది. గోదావరిఖని, మందమఱ్ఱి, బెల్లంపల్లి గనుల దారులలో సింగరేణి బొగ్గుపొడి మాపై బడి, శ్రావణ భాద్రపదములలో తేమను పట్టి నిలిపి, నా బోల్టుల క్రింద చిలుము పట్టించినది. అంతకంటె పెద్ద అపకారము రంగువలన గలిగినది. ఒక షెడ్డులో బాడీకి క్రొత్త రంగు వేసినవారు నన్ను విప్పి, నేను తాకవలసిన లోహముపై గూడ నున్నగా రంగు పూసి, దానిపైననే తిరిగి బిగించిరి. బోల్టు మరలు తాకుచుండుటచేత కరెంటునకు కొంత దారి మాత్రము మిగిలినది.

కరీంనగరపు ఎండలలో ఈ లోపము బయటపడలేదు. తరువాత కారును కొనిన విశ్రాంత ఉపాధ్యాయుడొకరు దానిని ధర్మపురి దాటించి, రాయపట్నము వంతెన మీదుగా గోదావరి ఆవలికి నడపి, లక్షెట్టిపేట, జన్నారముల దారిని ఉట్నూరునకు గొనిపోయెను. పుష్యమాసపు వేకువను ఆదిలాబాదు అడవిసీమ చలికి ఇంజను నూనె చిక్కబడును. దానిని త్రిప్పుటకు సెల్ఫ్ హెచ్చు కరెంటు కోరును. నేను ఈయజాలనైతిని. ఇంజను ఒక్క మూలుగు మూలిగి ఆగెను. బ్యాటరీ మార్చిరి; సెల్ఫ్ విప్పించి కార్బన్ బ్రష్షులు మార్పించిరి; ఫలము లేదు. హెడ్‌లైట్లు దేదీప్యమానముగా వెలుగుచుండుటయే అందఱిని దారి తప్పించినది. అవి బాడీకే అంటియుండును గనుక వానికి నాతో పనిలేదు. ఇట్లుండగా, నాయందు దారి చాలని కరెంటు చోకుతీగెను పట్టుకొని పాఱసాగెను. కార్బురేటరునుండి డాష్‌బోర్డు వఱకు సాగు ఆ బక్క ఉక్కుతీగె కాగిపోయి, దాని తొడుగు పొగలు గ్రక్కెను. నేను చేయవలసిన పనిని అది మోసి మాడినదని నేటికిని నా మనసు కలుక్కుమనును.

పిదప కారును మంచిర్యాలకు చేర్చగా, అక్కడ అందఱును ఉస్తాద్ అని పిలుచు ముదుసలి మెకానిక్కు ఆ పొగమాట వినగానే సెల్ఫ్ వంక చూడనైన లేదు. శిష్యుడు మీటరును ఓములపై నుంచి, ఇంజనునకును బాడీకిని ఆనించి, సున్న గని, “ఎర్తు మంచిగనే ఉంది ఉస్తాద్” అనెను.

“గట్ల జూస్తె తెల్వదురా. మీటరు పంపేది రవ్వంత కరెంటు. సెల్ఫ్ కొట్టంగ జూడాలె.”

1827లో జర్మను శాస్త్రజ్ఞుడు గియోర్గ్ సైమన్ ఓమ్ ప్రకటించిన సూత్రము ఆ వృద్ధుని వ్రేళ్లయందున్నది. 150 ఆంపియర్లు పాఱు దారిలో 0.02 ఓముల అడ్డున్నను 3 వోల్టులు అక్కడనే హరించును. చేతిమీటరునకు ఆ 0.02కును సున్నకును భేదము తెలియదు. సెల్ఫ్ కొట్టునపుడు బ్యాటరీయందు నిలుచునది సుమారు 10 వోల్టులు గనుక మోటారునకు మిగులునది 7.

ఉస్తాద్ ఇంజను అంటుకొనకుండ కాయిలు తీగెను పీకించి, మీటరుతీగె నొకదానిని బ్యాటరీ ఋణధ్రువముపైనను, రెండవదానిని గీకి తెలుపుచేసిన ఇంజను లోహముపైనను ఆనించి, “కొట్టుండ్రి సారూ” అనెను. అర వోల్టు మించరాని చోట దాదాపు 3 వోల్టులు కనబడెను. రెండవ తీగెను బాడీకి మార్చి చూడగా నష్టము లేదు. దోషము నాయొద్దనేయని తేలినది. నా యునికి నొకడు గుర్తించెనని నేను పొంగిపోయితిని.

మా కారున బాడీకున్నది ఋణధ్రువము గాని, పూర్వపు ఆంగ్లదేశపు కార్లలో ధనధ్రువమునే బాడీకి బిగించుట వాడుక. కరెంటు ఏ దిక్కున పాఱినను నాకు భేదము లేదు గాని, పాత కారును కొనువారు బ్యాటరీ మార్చుటకు ముందు ఏ ధ్రువము బాడీకున్నదో చూచుకొనవలెను. తప్పినచో రేడియో మాడిపోవును.

ఉస్తాద్ ముందుగా బ్యాటరీ ఎర్తు విప్పి, పిదప నన్ను విప్పి, రంగు గీకి, లోహము మెఱయునట్లు గరుకుకాగితముతో తోమి, పండ్ల వాషరు వేసి బిగించి, పైన గ్రీజు పూసెను. నా తీగెలలో కొన్ని తెగియుండుట గని, గేరుపెట్టె బోల్టునుండి బాడీకి మఱియొక పట్టీని తోడు వేసెను, చోకుతీగెను మార్చెను. సెల్ఫ్ ఒక్క త్రిప్పునకే ఇంజను అందుకొనెను.

బ్రేకు తొక్కినపుడు వెనుక ఇండికేటరు గూడ మసకగా వెలుగుచున్నదని సారు చెప్పగా, ఉస్తాద్ డిక్కీవైపు నడచెను. ఆ రెండు బల్బులకును ఎర్తు ఒక్కటియే. అది చెడినచో బ్రేకు కరెంటు ప్రక్కబల్బు తంతువు గుండా తిరుగుదారి వెదకుకొనును. దీపపుగిన్నె విప్పి చూడగా, అక్కడి ఎర్తుమర క్రిందను అదే రంగుపొర యున్నది.