49 కమానుల ముసలిదాన్ని

నన్ను ఫోటో తీసేవాళ్లు దాదాపు అందరూ గోదావరి పాయ వైనతేయ ఒడ్డున ఇసుకలో నిలబడే తీస్తారు. కమానులు వరసగా పడాలి, కింద నది మెరవాలి, అదీ వాళ్ల లెక్క. నేను మోసిన నీళ్లు మాత్రం ఆ బొమ్మల్లో కనబడవు. అవి నా నెత్తిమీద, రెండు గోడల మధ్య పారేవి మరి. నది మీంచి కాలువ దాటడమే నా ప్రత్యేకత. ఫోటోల్లోకి వచ్చేసరికి నేనూ ఒక వంతెననే.

నేను పి.గన్నవరం పాత అక్విడక్టుని. పుట్టింది 1852లో. 1847లో ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పని మొదలుపెట్టాడు. దాని నీళ్లు మధ్య డెల్టాకు వచ్చినా, వైనతేయ అడ్డుపడటంతో అవతల నగరం లంకకి చేరే దారి లేదు. ఆ దారి వేసినవాడు లెఫ్టినెంట్ హేగ్. కమానులు 49, ఒక్కొక్కటి 40 అడుగులు. ఖాళీలు కలిపితేనే 1,960 అడుగులు, స్తంభాల మందం వేరే. తరవాతి రోజుల్లో హేగ్ ఎగువన దుమ్ముగూడెం పనులు చూసుకున్నాడు. కాటన్ విగ్రహాలు ఈ డెల్టాలో ఊరూరా ఉన్నాయి. హేగ్ ఎవరంటే నా నీడన వలలు ఆరేసుకునేవాళ్లు కూడా చెప్పలేరు.

కాయితాల మీద నాకేం లోటు లేదు. 1896లో జార్జ్ వాల్ష్ అనే ఇంజనీరు గోదావరి డెల్టా పనుల మీద మద్రాసులో పెద్ద పుస్తకమే అచ్చు వేయించాడు. 1907లో హెమింగ్వే జిల్లా గెజిటీరు వచ్చింది. కట్టడాల వివరాలు, దొరల పేర్లు అందులో దొరుకుతాయి. సున్నం గానుగ తోలినవాళ్లూ, గంపలు మోసినవాళ్లూ ఎవరో తెలుసుకుందామని మాత్రం ఆ పేజీలు తిప్పకండి.

ఫోటోలకీ ఇలాంటి గుడ్డితనమే ఉంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు నా తొట్టి ఎండి అడుగు బయటపడేది. సున్నపు పూత ఎక్కడ లేచిందో, ఏ అతుకులోంచి నీరు కారి కమాను కింద తెల్లచార కట్టిందో అప్పుడే తెలిసేది. కెమెరా పట్టుకుని రావలసింది ఆ రోజుల్లో. జనం వరదకి వస్తారు! 1986 ఆగస్టు గోదారిని తలుచుకోని ఇల్లు ఇక్కడ లేదు. అంత వరదకీ నేను నిలబడ్డాను, సరే. కానీ రిపేరు చేయవలసినవాడికి వరద బొమ్మకంటే ఆ తెల్లచార బొమ్మే పనికొస్తుంది.

ఫోటో అంటే పక్కనే ఉన్న లంకలగన్నవరం డొక్కా సీతమ్మగారు గుర్తొస్తారు. నాకంటే పదకొండేళ్లు పెద్ద. వేళాపాళా లేకుండా ఎవరొచ్చినా అన్నం పెట్టిన తల్లి. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకానికి పిలిస్తే రానన్నారనీ, ఫోటో అయినా కావాలని దొరలు తీయించి పంపారనీ ఇక్కడ చెప్పుకుంటారు. 2000లో నా పనిని పక్కనే లేచిన కొత్త అక్విడక్టుకి అప్పగించారు. దానికి ఆవిడ పేరే పెట్టారు. ఇంజనీర్ల పేర్ల మధ్య ఒక వంటింటి ఇల్లాలి పేరు చేరడం నాకు నచ్చింది.

ఇక మీతో ఒక మాట. మీ ఇళ్లలో ఏ పెట్టె అడుగునో, ఏ పెళ్లి ఆల్బంలోనో, ఎవరి వెనకాలో నేను పడి ఉంటాను. పక్కన కొత్తదాని స్తంభాలు కూడా లేవంటే ఆ ఫోటో 2000కి ముందుది. అంతవరకు నేను చెప్పగలను, మిగతాది పెద్దవాళ్లనే అడగాలి. ఏ ఏడు, ఏ నెల, ఏ ఒడ్డు, కాలువ పారుతోందా, కట్టేశారా, నిలబడ్డవాళ్లెవరు అని ఫోటో వెనక పెన్సిలుతో రాసిపెట్టండి. మీ తాతల్లో కాలువ మీద లస్కరుగా చేసినవాళ్లుంటే వాళ్ల పేరు ముందు రాయండి. ధవళేశ్వరం కాటన్ మ్యూజియానికి ఒక నకలు ఇవ్వండి.