కాటా గది కీబోర్డు ఆత్మకథ

నేను టీవీఎస్ గోల్డ్ కీబోర్డుని. మీట నొక్కితే టిక్కుమని పలికే జాతి. ఊదారంగు మూతి ఉన్న పీఎస్/2 తీగతో పుట్టాను, ఇప్పుడు ఆ మూతికి యూఎస్‌బీ అడాప్టర్ తగిలించి నడుపుతున్నారు. ఉమ్మడి నల్లగొండ జిల్లా దాటి ఎన్నడూ పోలేదు. మొదటి కొలువు సూర్యాపేటలో ఒక డీటీపీ సెంటర్‌లో, రెండోది మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు కాటా గదిలో, మూడోది కోదాడలో ఇంటి నుంచే పని చేసే ఒక డెవలపర్ బల్ల మీద. ఎక్కడెక్కడ అరిగానో చూస్తే నా చరిత్ర తెలిసిపోతుంది. షిఫ్ట్ మీట నునుపు డీటీపీ పుణ్యం, అంకెల మీటల సందుల్లో ఇంకా రాలని తౌడు మిల్లుది, ఎస్కేప్ మీద చెరిగిన అక్షరాలు విమ్ ఎడిటర్ వాడే చేతివి. ఇద్దరు డెవలపర్లు కలిస్తే మొదటి ముచ్చట ఏ ఎడిటర్ వాడుతున్నవు, ఏ డేటాబేస్, ఏ లాంగ్వేజ్ అనే. జవాబుల్లో వేగం ఉంటుంది, అందం ఉంటుంది, ఎక్స్‌టెన్షన్ల లెక్క ఉంటుంది. అవన్నీ పనిముట్టు చేతిలో ఉన్నన్నాళ్ళ సుఖాలు. నేను మాత్రం దాన్ని పక్కన పెట్టే రోజు గురించి అడుగుతాను. అది మూలన పడ్డాక మీరు చేసిన పని మీ వెంట వస్తుందా, దాంతోపాటే పోతుందా? ఇష్టమైన పనిముట్టును ఎంచుకోవడానికి ఇంతకంటే గట్టి కొలబద్ద నాకు కనబడలేదు.

సూర్యాపేట కొలువులో నా మీద పడినవి పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, ఎన్నికల పోస్టర్లు. పేజ్‌మేకర్ తెరిచి, అను ఫాంట్ పెట్టి కొట్టేవారు. ఆ తరం ఫాంట్ల కిటుకు ఒకటే: కంప్యూటర్ లోపల దాచేది తెలుగు అక్షరాన్ని కాదు, ఏదో ఒక ఇంగ్లీషు అక్షరపు కోడ్‌ని. దాని మీద ఫాంట్ తెలుగు బొమ్మ తొడిగేది. కాగితం మీద ముద్ర ముచ్చటగా వచ్చేది. అదే ఫైలును ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే పెళ్ళికొడుకు పేరు ఇంగ్లీషు అక్షరాల కలగాపులగం. అందులో ఒక మాటను వెతకలేం, అకారాది క్రమంలో పెట్టలేం. అప్పటికి వేరే దారి లేదా అంటే, కాగితం మీద ఉంది. ఇన్‌స్క్రిప్ట్ మీటల అమరిక 1986 నాటిది. యూనికోడ్ 1991లో తొలి కూర్పులోనే తెలుగుకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా 128 గదులు కేటాయించింది. అయితే ఆ గదుల తాళం మామూలు మనిషి చేతికి వచ్చింది 2001లో విండోస్ ఎక్స్‌పీ, దాంతోపాటు గౌతమి ఫాంట్ వచ్చాకే. నడుమ ఉన్న పదేళ్ళలో ఊళ్ళో పత్రికలు అచ్చు వేయకుండా కూర్చోమనడం అన్యాయం. ఆ ఫాంట్లు లేకపోతే కంప్యూటర్ మీద తెలుగు ముద్రణ అన్నేళ్ళూ కుంటుపడేది. అందుకే వాటిని తప్పు పట్టను. ఆనాటి ఫైళ్ళను ఇప్పుడు కన్వర్టర్లతో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు దిద్దుకుంటూ కూర్చున్నవాళ్ళ శ్రమను మాత్రం లెక్కలో వేస్తాను.

యూనికోడ్ మాత్రం ఇబ్బంది పెట్టలేదా అని అడిగేవారుంటారు. పెట్టింది. 2018 ఫిబ్రవరిలో తెలుగు 'జ్ఞా' తెర మీద పడగానే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి, ప్రపంచమంతా నవ్వుకుంది. అయితే జరిగింది గమనించండి. జ, పొల్లు, ఞ, కంటికి కనబడని ఒక గుర్తు, దీర్ఘం: ఈ 5 కోడ్‌లు ఆ వరుసలో వస్తే చిక్కు అని బయటివాళ్ళే విడదీసి చూపగలిగారు. ఎందుకంటే ఆ కోడ్‌ల పట్టిక బహిరంగం. కొద్ది రోజుల్లోనే ఐఓఎస్ 11.2.6 వచ్చి దాన్ని సరిచేసింది. చెడింది చూపించే యంత్రాంగం. రాసిన అక్షరం చెక్కుచెదరలేదు.

మిర్యాలగూడ కథ ఇంకా గట్టి సాక్ష్యం. సాగర్ ఎడమ కాల్వ కింద పండిన వడ్లు లారీల మీద మిల్లు చేరతాయి. లారీ కాటా ఎక్కుతుంది, ఇండికేటర్ మీద ఎర్ర అంకెలు కాసేపు ఊగి కుదురుకుంటాయి. లారీ నంబరు, బస్తాలు, తేమ శాతం నా అంకెల మీటల మీదుగా లోపలికి పోతాయి. నిండు బరువులోంచి ఖాళీ బరువు తీస్తే నికరం. సర్కారు వడ్లయితే తేమ 17 శాతం దాటొద్దు. మరాడించాక క్వింటాలుకు రా రైస్ 67 కిలోలు, బాయిల్డ్ 68 కిలోలు అప్పజెప్పాలి. ఈ లెక్క మీద తగాదా వస్తే పాత సీజన్ల చిట్టా తీయక తప్పదు. కాటా ఇండికేటర్ కంప్యూటర్‌తో మాట్లాడేది ఆర్ఎస్-232 తీగ మీద. అది 1960లో పుట్టిన ప్రమాణం. బరువు మామూలు అంకెలుగా, ఒక వరుసగా వచ్చి పడుతుంది. పైథాన్ తెలిసిన పిల్లగాడు నాలుగైదు వరుసల కోడ్‌తో దాన్ని చదివేస్తాడు. ఇన్నేళ్ళలో కాటా మారింది, కంప్యూటర్ మారింది, తీగ మీద భాష మారలేదు.

అదే గదిలో చిట్టా డేటాబేస్ సాఫ్ట్‌వేర్ అయిన ఫాక్స్‌ప్రోలో ఉండేది. విజువల్ ఫాక్స్‌ప్రో తొమ్మిదో కూర్పే ఆఖరుది. ఇక కొత్తది ఉండదని మైక్రోసాఫ్ట్ 2007లో చెప్పేసింది, 2015 జనవరితో మద్దతూ ఆపేసింది. పనిముట్టు చచ్చిపోయింది, లెక్కలు మాత్రం బతికే ఉన్నాయి. కారణం ఫాక్స్‌ప్రో వాడే డీబీఎఫ్ ఫైలు కట్టుబడి అందరికీ తెలిసిందే కావడం: ముందు ఏ గడి పొడవెంతో చెప్పే శీర్షిక, తర్వాత ఒకే పొడవున్న వరుసలు. డబ్బు పెట్టకుండా దొరికే లిబ్రెఆఫీస్ కూడా దాన్ని తెరుస్తుంది. నేటి డెవలపర్లు మెచ్చే ఎస్‌క్యూలైట్‌కు ఉన్న బలమూ ఇదే. డేటాబేస్ మొత్తం ఒకే ఫైలు, దాని నిర్మాణం బహిరంగం, 2050 దాకా నిలబెడతామని తయారుచేసినవాళ్ళ మాట. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని భద్రపరచదగ్గ రూపాల జాబితాలో పెట్టింది. మిల్లు చిట్టాకు ఇంతకంటే మంచి పెట్టె నాకైతే తోచదు.

కోదాడ బల్ల మీద నా టిక్కుటిక్కుకు కొత్త మర్యాద వచ్చింది. ఒకప్పుడు బిల్లు కౌంటర్ల చప్పుడు అది, ఇప్పుడు ఆ చప్పుడు కోసమే కుర్రవాళ్ళు వేలకు వేలు పోస్తున్నారు. ఇక్కడి పనిముట్లలో నాకు అన్నిటికన్నా కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్ పుట్టుక నచ్చుతుంది. లినక్స్ కెర్నల్ రాసేవాళ్ళు బిట్‌కీపర్ అనే ప్రైవేటు సరుకును ఇదే పనికి ఉచిత అనుమతి మీద వాడేవారు. 2005లో ఆ అనుమతి రద్దయింది. లైనస్ టోర్వాల్డ్స్ ఏప్రిల్‌లో గిట్ రాయడం మొదలుపెట్టాడు, జూన్‌లో వచ్చిన 2.6.12 కెర్నల్ దాని మీదే తయారైంది. ఒకరి దయ మీద నిలిచిన ఇష్టం ఎంత అల్పాయుష్షుదో లోకంలోని అతిపెద్ద ప్రాజెక్టుల్లో ఒకదానికే అనుభవమైంది. గిట్‌లో చరిత్ర అంతా ప్రతి కంప్యూటర్‌లోనూ ఉంటుంది. నెట్ పోయినా పని ఆగదు, సర్వర్ మూసేసినా సరుకు పోదు. ఎడిటర్లదీ అదే తీరు. గిట్‌హబ్ వారి ఆటమ్‌ను ఎంతమంది ముద్దు చేశారో! 2022 డిసెంబరులో దాన్ని మూసేశారు. అందులో రాసిన కోడ్ మామూలు టెక్స్ట్ కనుక ఎవరికీ ఒక్క అక్షరం పోలేదు. 1991లో విమ్‌ను విడుదల చేసిన బ్రామ్ మూలెనార్ 2023 ఆగస్టులో కన్నుమూశాడు. విమ్ ఆగలేదు, ఇతరులు నడుపుతున్నారు. వీఎస్ కోడ్ నేడు మహారాజు. దాని మూలం చాలావరకు బహిరంగమే, కానీ మైక్రోసాఫ్ట్ ఇచ్చే కొన్ని ఎక్స్‌టెన్షన్లను వేరే ఎడిటర్లలో వాడుకోవడానికి లైసెన్సు ఒప్పుకోదు. ఆ గీత ఎక్కడుందో తెలిసి వాడితే చిక్కు లేదు.

నా కొలబద్ద మీద మిల్లు యజమాని చెప్పే అభ్యంతరం న్యాయమైనదే: యాసంగి రద్దీలో సాఫ్ట్‌వేర్ ఆగితే బహిరంగ ప్రమాణం వచ్చి బాగుచేయదు, డబ్బు తీసుకున్న మనిషే బండేసుకుని వస్తాడు. డబ్బు పెట్టొద్దని నేననను. సేవకు డబ్బివ్వండి, లెక్కలను మాత్రం తాకట్టు పెట్టకండి. కొనేటప్పుడే చిట్టా మొత్తం సీఎస్‌వీగా ఇచ్చే మీట ఉందా అని అడిగి, ఒప్పందంలో రాయించుకోండి. విద్యార్థుల అభ్యంతరం ఇంకొకటి: ఉద్యోగ ప్రకటన ఏ ఫ్రేమ్‌వర్క్ అడిగితే అది నేర్వక తప్పదు కదా? తప్పదు. సూర్యాపేటలో ఐటీ హబ్ వచ్చినా, హైదరాబాద్ బస్సెక్కినా అడిగేది అదే. కానీ ఆ ఫ్రేమ్‌వర్క్ కింద ఉన్నవి ఎస్‌క్యూఎల్, హెచ్‌టీటీపీ, గిట్. ఎస్‌క్యూఎల్ పురుడు పోసుకున్నది 1974లో. పైది జీతం కోసం నేర్వండి, కిందిది జీవితకాలానికి పనికొస్తుంది. ఇక కృత్రిమ మేధ: అడిగితే కోడ్ అదే రాస్తుంటే కీబోర్డు మాటకు విలువేమిటి? నా మీద పడే వేళ్ళు తగ్గొచ్చు, ఒప్పుకుంటాను. కానీ ఆ యంత్రాలు నేర్చుకున్నది చాలావరకు బహిరంగంగా దొరికిన టెక్స్ట్ నుంచే. అవి రాసిచ్చేదీ టెక్స్టే. ఏ వరుస మార్చాయో గిట్ పక్కపక్కన పెట్టి చూపితేనే మనిషి తప్పొప్పులు పట్టగలుగుతాడు. యంత్రం రాసే కొద్దీ, మనిషి చదవగలిగే రూపానికి గిరాకీ పెరుగుతుందే కాని తగ్గదు.

కాబట్టి ఈ వారం మీకు బాగా ఇష్టమైన సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్‌పోర్ట్ మీట ఎక్కడుందో వెతకండి. వచ్చిన ఫైలును ఆ సాఫ్ట్‌వేర్ లేని ఇంకో కంప్యూటర్‌లో తెరవండి. తెలుగు పేర్లు, తేదీలు, తేమ శాతాలు సరిగ్గా కనబడితే దాన్ని నిశ్చింతగా వాడుకోండి. కనబడకపోతే యాసంగి వడ్లు కాటా ఎక్కకముందే మార్చేయండి.